తుపాను పాడే చీటీ

మా శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు నెలంటే ఒక గౌరవం ఉంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న వచ్చింది. మరుసటి ఏడాది హుద్‌హుద్ కూడా సరిగ్గా అక్టోబరు 12నే. 2018లో తిత్లీ ఎందుకో తొందరపడి ఒకరోజు ముందే, 11వ తేదీ తెల్లారేసరికే దిగిపోయింది. ఇంత సమయపాలన మా ఊరికొచ్చే ఏ బస్సులోనూ నేను చూడలేదు.

హుద్‌హుద్ అంటే పిట్ట. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పిట్ట వచ్చి విశాఖ నుంచి మా దాకా కరెంటు స్తంభాలు కూల్చింది. సీతాకోకచిలుక వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లనీ జీడితోటలనీ పడుకోబెట్టింది. రేపెవరైనా ఏనుగు పేరు పెడితే మన గతేమిటని మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నారు.

ఇంత నిక్కచ్చిగా వచ్చే చుట్టం కోసం ముందే నాలుగు డబ్బులు పక్కన పెట్టుకోవాలన్నది ఇంగితం. ఆ ఇంగితానికే పెద్దవాళ్లు పెట్టిన పేరు, నగరపాలక సంస్థల ఉమ్మడి విపత్తు బీమా. పేరు విని భయపడకండి. ఇది చీటీయే. ఓ ఇరవై ఊళ్లు కలిసి ఏడాదికోసారి డబ్బు కడతాయి. పాట ఎవరూ పాడక్కర్లేదు, తుపానే పాడుతుంది. అది ఏ ఊరి పేరు పాడితే ఆ ఊరికి డబ్బు. చీటీ నడిపేవాడు కూడా మరీ పెద్ద దెబ్బ తగిలితే తట్టుకోడానికి ఇంకో పెద్ద చీటీలో చేరి ఉంటాడు, దాన్ని రీఇన్సూరెన్స్ అంటారు. ఊరూరూ విడిగా వెళ్లి అడిగితే బీమా కంపెనీ చెప్పే రేటు ఒకటి, గుంపుగా వెళ్తే ఇంకొకటి. పెళ్లి బట్టలకి మనవాళ్లు ఇంటిల్లిపాదీ ఒకే కొట్టు మీద పడేది ఇందుకే కదా.

ఈ విషయమంతా ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా టీ కొట్టాయనకి ఓపిగ్గా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

"తుపాను రాకపోతే మన డబ్బులు మనకిచ్చేస్తారేటి?"

"ఇవ్వరు."

"మరది సీటీ ఏటి బావూ? సందా."

ఆయన మాటకేం గానీ, బయటి ప్రపంచం ఈ చందా ఎప్పుడో మొదలెట్టేసింది. 2007లో కరీబియన్ ప్రాంతంలో 16 చోట్ల ప్రభుత్వాలు కలిసి ఇలాంటి ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. లెక్క సరిపోతే 14 రోజుల్లో డబ్బు చేతికిస్తారు. ఫిలిప్పీన్స్‌లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో పది నగరాలని కూర్చోబెట్టి, అచ్చంగా నగరాల కోసమే ఓ ఉమ్మడి బీమాకి నమూనా గీశారు. అంత దూరం ఎందుకు, 2024లో నాగాలాండ్ ప్రభుత్వం ఎస్‌బీఐ జనరల్‌తో ఇదే తరహా బీమా ఒప్పందం చేసుకుంది.

ఈ తరహాని పారామెట్రిక్ అంటారు. ఇందులో నష్టాన్ని ఎవరూ వచ్చి చూడరు. గాలి ఇన్ని కిలోమీటర్ల వేగం దాటినా, వాన ఇన్ని మిల్లీమీటర్లు దాటినా డబ్బు ఇవ్వాలని ముందే రాసుకుంటారు. దాటిందా, ఖాతాలో పడుతుంది. అంతే.

సరిగ్గా ఇక్కడే నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. నష్టాన్ని చూడకుండా డబ్బిస్తే మన సంస్కృతి ఏమైపోవాలి? ఎన్యుమరేషన్ బృందం రావద్దా? పడిపోయిన గోడ పక్కన ఆధార్ కార్డు పట్టుకుని మనం ఫొటో దిగొద్దా? మొదటి జాబితా, అందులో పేర్లు లేనివాళ్ల ధర్నా, రెండో జాబితా, అందులో మూడంతస్తుల మేడవాళ్ల పేర్లున్నాయని ఇంకో ధర్నా, ఇవన్నీ లేకుండా అది తుపానెలా అవుతుంది, ఉత్త గాలివాన గానీ! పద్నాలుగు రోజులంటే మన దగ్గర మొదటి జాబితాకి జిరాక్సు కూడా పూర్తవదు.

పైగా ఈ డబ్బు ఎవరిచ్చారని చెప్పుకోవాలి? కంప్యూటర్ లెక్కకట్టి నేరుగా ఖాతాలో వేసేసిన సొమ్ముకి ఆరడుగుల అట్ట చెక్కు ఉండదు. హెలికాప్టర్ ఉండదు. వేదికే లేకపోతే శాలువా ఎవరికి కప్పుతారు? ఫ్లెక్సీ వేద్దామన్నా దాని మీద ఎవరి ఫొటో పెట్టాలి, గాలి ఫొటోనా? అన్ని పార్టీలకీ సమానంగా నష్టం చేసే పథకం ఇంతకుముందు నా ఎరుకలో లేదు.

సరే, ధైర్యం చేసి చేరారనుకుందాం. మా పక్కన విజయనగరం వైపు ఓ చిన్న మున్సిపాలిటీని ఊహించుకోండి. ప్రీమియం కట్టారు. అక్టోబరు ప్రశాంతంగా గడిచింది. నవంబరూ అంతే. జనం హాయిగా ఉన్నారు, కమిషనర్‌కి మాత్రం నిద్ర లేదు. ఎందుకంటే రేపు ఆడిట్ వాళ్లు వచ్చి రాసేది ఇదీ: "సదరు సంవత్సరంలో తుపాను సంభవించనందున, ప్రీమియం కింద వెచ్చించిన మొత్తం నిష్ప్రయోజన వ్యయంగా పరిగణించడమైనది." దానికి ఆయన జవాబివ్వాలి. "తుపాను రానందుకు చింతిస్తున్నాము. వచ్చే ఆర్థిక సంవత్సరంలో తగు చర్యలు తీసుకోగలము." ఆ తర్వాత ఆయన పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున జనంలో నిలబడి ఏం మొక్కుకుంటాడో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. పెద్దది వద్దు తల్లీ, ఒప్పందంలో రాసిన అంకె దాటితే చాలు.

అంకె అంటే గుర్తొచ్చింది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్ల దాకా పడితే అది అతి భారీ వర్షం. అది దాటితే అత్యంత భారీ. ఒప్పందంలో 'అత్యంత' అని రాసుకుని, మన ఊళ్లో 204.4 పడిందనుకోండి. నాగావళి నీళ్లు వంటింట్లోకి వచ్చినా లెక్క ప్రకారం మనకేమీ కాలేదు. అలాంటి రాత్రి వర్షమాపకం దగ్గర కాపలా పెట్టాలి. దొంగల కోసం కాదు, చెంబు పట్టుకుని వచ్చే కౌన్సిలర్ల కోసం.

నేనేదో ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి, జరిగింది కూడా ఉంది. జమైకా దేశం ప్రపంచ బ్యాంకు ద్వారా 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు తీసుకుంది, అంటే మదుపరుల సొమ్ముతో నడిచే ఇలాంటి అంకెల బీమాయే. 2024 జులైలో బెరిల్ తుపాను దక్షిణ తీరాన్ని ఊడ్చి పెట్టినా ఆ బాండు నుంచి పైసా రాలేదు. తుపాను లోపలి గాలి పీడనం ఒప్పందంలో రాసినంత పడిపోలేదట! మరుసటి ఏడాది అక్టోబరులో మెలిస్సా ఎంత ఘోరంగా వచ్చిందంటే, బాండు మొత్తం సొమ్ము ముట్టింది. అక్కడా అక్టోబరే, గమనించారా. మలావిలో ఇంకో కథ. 2016 కరువుకి ఆఫ్రికా దేశాల ఉమ్మడి బీమా మొదట డబ్బివ్వలేదు. రైతులు వేసింది స్వల్పకాలిక మొక్కజొన్న, కంప్యూటర్‌లో ఉన్నది దీర్ఘకాలిక మొక్కజొన్న. కంప్యూటర్‌లో పంట బాగానే పండింది. తర్వాత లెక్క సరిచేసి 80 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చారు. ఇక మన దగ్గర గాలిని కొలిచే యంత్రాల సంగతంటారా, హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో తుపాన్లని చూడటానికి పెట్టిన డాప్లర్ రాడార్‌ని ఆ తుపానే దెబ్బతీసింది. సాక్షిని లేపేశాక కేసెలా నిలుస్తుంది?

చీటీలో ఎవరెవరు చేరాలన్నది ఇంకో చిక్కు. శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, విజయనగరం కలిసి పెట్టుకున్నాయనుకోండి, ఒకే తుపాను అందరి పేరూ ఒకే రాత్రి పాడేస్తుంది. అందరూ ఒకే నెల ఎత్తుకునే చీటీ ఎక్కడైనా ఉంటుందా? అందుకని దూరపు వాళ్లు కావాలి. 2009 అక్టోబరులో మునిగిన కర్నూలు, 2024లో బుడమేరు ముంచిన విజయవాడ, ఎప్పుడూ వాన కోసం చూసే అనంతపురం. వాళ్ల కౌన్సిళ్లలో వచ్చే ప్రశ్న నాకిప్పుడే వినిపిస్తోంది: మీ గాలికి మా డబ్బులా? పోనీ, ఎవరికెంత ముప్పో అంత ప్రీమియం అన్నారనుకోండి. రేటు తేల్చేరోజు ప్రతి ఊరూ 'మా దగ్గర ఆకు కూడా కదలదు' అంటుంది. డబ్బు పంచేరోజు అదే ఊరు 'మాకు ఏటా ప్రళయమే' అంటుంది.

ఇంత చెప్పి కూడా ఈ బీమా వద్దనలేకపోతున్నాను. తిత్లీ తర్వాత పలాస వైపు మా చుట్టాల ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాంకులోకి నీళ్లెక్కడానికి జనరేటర్ అద్దెకు తెచ్చుకున్నారు. డీజిల్‌కి ఇంటింటికీ తిరిగి డబ్బులు పోగుచేశారు. చెట్లు కోసే మిషను ఉన్నవాడు ఆ వారం ఊరికి రాజు. పైనుంచి వచ్చే సాయం ఎంత పెద్దదైనా, ఆ మొదటి వారం డీజిల్‌కి అక్కరకు రాలేదు. మా టీ కొట్టాయన అన్న సందా, ఊరంతా ఇళ్లు ఎగిరిపోయాక వేసుకున్నారన్నమాట, ఎగరకముందు కాదు.

అందుకే మొన్న ఓ అర్జీ రాసుకుని, ఊరి పేరెందుకులెండి, ఒక మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమస్తా గారు మంచాయన. కుర్చీ వేశారు, అర్జీ రెండుసార్లు చదివారు.

"బాగుందండి. కానీ ఏ పద్దు కింద రాయమంటారు?"

"విపత్తు కింద."

"విపత్తు ఇంకా రాలేదు కదండి" అన్నారు, కాగితం మడిచి జాగ్రత్తగా నా చేతికిస్తూ. "అది వచ్చాక పట్టుకు రండి. అప్పుడు ఫండ్ ఉంటాది."