ఇంటిపేరు విన్న తర్వాత

బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల ఉద్యోగ ప్రకటనలకు కల్పిత దరఖాస్తులు పంపి చేసిన పరిశోధన 2004లో వెలువడింది. అర్హతలు సమానంగా ఉన్నా, శ్వేతజాతీయులవిగా తోచే ఎమిలీ, గ్రెగ్ వంటి పేర్లకు నల్లజాతీయులవిగా తోచే లకీషా, జమాల్ వంటి పేర్లకంటే దాదాపు 50 శాతం ఎక్కువ ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. ఇక్కడివారి నోరు తిరగని పేర్లతో ఉద్యోగాలు వెతుక్కున్న అమెరికా తెలుగువాళ్ళం మనకు ఇందులో వింతేమీ కనిపించదు. వివక్ష ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మనం బాధితుల వరుసలోనే కూర్చుంటాం.

అదే పద్ధతిలో భారతదేశంలో జరిగిన పరిశోధన గురించి మాత్రం మన వేదికలపై ఎవరూ మాట్లాడరు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, ప్రైవేటు సంస్థలకు సమాన అర్హతలతో పంపిన దరఖాస్తుల్లో, అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుని పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే. ఆ దరఖాస్తులను పక్కన పెట్టినవారందరూ ద్వేషంతోనే ఆ పని చేశారని నేను అనుకోను. రేమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన మరో పరిశోధనలో, పిల్లల జవాబు పత్రాలపై కులం వివరాలను యాదృచ్ఛికంగా మార్చి రాసి ఉపాధ్యాయులచేత దిద్దించగా, కింది కులమని రాసిన పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడాకు ప్రధాన కారకులు కింది కులాలకు చెందిన ఉపాధ్యాయులేనని తేలడం మరింత కలవరపెట్టే విషయం.

కొత్తగా వచ్చిన కుటుంబాన్ని "ఏ ఊరండీ మీది, ఇంటిపేరేమిటి?" అని అడగడం ఆప్యాయతే. జవాబు విన్న తర్వాత ఒకరికి అద్దె ఇంటి వివరాలు, వాట్సాప్ గ్రూపులో చోటు, ఉద్యోగానికి రిఫరల్ వరుసగా అందుతాయి. మరొకరికి "మళ్ళీ కలుద్దామండీ" అన్న మర్యాద మాత్రం మిగులుతుంది. ఎవరూ ఎవరినీ నొప్పించలేదు కనుక ఇందులో తప్పు జరిగినట్లు ఎవరికీ తోచదు. సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది గానీ, అందని సాయంపై ఫిర్యాదు రాయడం ఎవరికి సాధ్యం? ఉగాది వేదికపై వ్యాఖ్యానానికి ఒక యాసను, హాస్య నాటికలో పనిమనిషి పాత్రకు మరో యాసను ఎంచుకునే అలవాటూ ఈ కోవలోదే.

మనసులు మారేదాకా ఆగనక్కరలేదు. స్వరాష్ట్రాల్లో బోర్డు పరీక్షల జవాబు పత్రాలు దిద్దేవారికి విద్యార్థి పేరు కనబడకూడదన్న నియమాన్ని మనమెవరమూ అవమానంగా భావించలేదు. మన సంఘం ఇచ్చే విద్యార్థి వేతనాల దరఖాస్తుల్లోనూ పేరు, తల్లిదండ్రుల వివరాలు, స్వగ్రామం తీసివేసి, వాటి స్థానంలో ఒక అంకె మాత్రమే ఉంచాలని నా ప్రతిపాదన. ఊరు చిన్నది, దరఖాస్తుతో పంపిన వ్యాసం చదవగానే ఎవరి పిల్లలో తెలిసిపోతుందన్న అభ్యంతరం నిజమే. అప్పుడు మన దరఖాస్తులను పక్క రాష్ట్రపు సంఘానికి పంపి, వారివి మనం పరిశీలించవచ్చు. ఈమెయిల్ కాలంలో దానికి తపాలా ఖర్చు కూడా ఉండదు.