నేను పగడాలను తాకను

పోయిన వారం నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్లో కుడిచెయ్యి ముందుకు చాపి ప్రమాణం చేసి వచ్చాను. "నేను పగడపు దిబ్బలను తాకను, విరవను, వాటి మీద నిలబడను." నాతో పాటు ఓ మూడు వందల మంది చేశారు. సగం మంది యూనిఫాంలో తోలుకొచ్చిన హైస్కూలు పిల్లలు, మిగతా సగం భోజనం ఉందని తెలిసి వచ్చిన రైతులు. కాబట్టి ఇక నల్లగొండ వల్ల పగడాలకు ఏ భయమూ లేదు. మావాళ్ళు మాట తప్పరు. తప్పాలన్నా ముందు రామేశ్వరం దాకా పోయి, మన్నార్ సింధుశాఖలో మునిగి, ఊపిరి బిగబట్టి తప్పాలి.

వేదిక మీద ఫ్లెక్సీ చూడముచ్చటగా ఉంది. నీలం సముద్రం, నారింజ రంగు చేప, "భూమి నుంచి వచ్చే కాలుష్యాన్ని ఆపుదాం" అని అక్షరాలు. చుట్టూ పదకొండు మంది నాయకుల ఫొటోలు. పగడం ఎక్కడుందా అని వెతికితే ఒక నాయకుడి చంక కింద దొరికింది.

మాట్లాడడానికి వచ్చిన ఆఫీసరుగారు చెప్పిందాంట్లో మాత్రం తప్పు పట్టడానికేం లేదు. పగడం రాయి కాదట, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉండి, ఎండతో వండి పెడుతుందట. నీళ్ళు తేటగా ఉంటేనే ఆ పొయ్యి వెలుగుతుంది. నేల మీది మన్ను కొట్టుకొచ్చి కమ్మేస్తే పొయ్యి ఆరిపోతుంది. ఎరువుల నత్రజనీ మురుగులోని భాస్వరమూ వచ్చి పడితే బయటి నాచు ఏపుగా పెరిగి పగడాన్ని కప్పేస్తుంది. ఆస్ట్రేలియాలో 2,300 కిలోమీటర్ల పొడవున్న గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కు చెరకు తోటల నుంచి నత్రజని, పశువుల బీళ్ళ నుంచి మన్ను ఇలాగే చేరుతున్నాయట. అంతా నిజమే.

ఇంత చెప్పి ఆయన రైతుల వైపు తిరిగి, "కాబట్టి మీరు యూరియా తగ్గించాలి" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. ఒక్క బస్తా కోసం తెల్లవారుజామున చెప్పులు లైన్లో పెట్టి వచ్చిన మనుషులు వాళ్ళు. తగ్గించాలంటే ముందు దొరకాలి కదా అన్న చిన్న అనుమానం ఎవరికీ నోటి దాకా రాలేదు.

ఇక ప్రమాణ ఘట్టం. మైకు పట్టుకున్న ఆఫీసరుగారి కుడిచేతి ఉంగరపు వేలికి చింతగింజంత ఎర్ర పగడం! కుజదోషానికి పెట్టుకున్నట్టున్నారు. ఆయన తరఫున ఒక మాట చెప్పాలి: ఉంగరాలకు వాడేది మధ్యధరా సముద్రంలో పెరిగే రకం, దిబ్బలు కట్టే జాతి వేరు. అంటే కేసు నిలవదు. కానీ మైకు ఎడమచేతికి మార్చి, కుడిచెయ్యి చాచి "నేను పగడాలను..." అన్నప్పుడు ఆ పగడమే అందరికంటే ముందుంది. మొదటి వరసలో ఒక పిల్లాడు, ఏడో తరగతి ఉంటాడేమో, లేచి "సార్, మీరు తాకుతున్నరు కద సార్" అన్నాడు. హెడ్మాస్టరు చూసిన చూపుకు వాడు కూర్చున్నాడు. ఆఫీసరుగారు మాత్రం నవ్వి, "ఇది జాతకం బాబూ, అది పర్యావరణం" అన్నారు. ఇంతలో ఫొటోలో ఫ్లెక్సీ సగమే పడిందని కెమెరా అబ్బాయి మళ్ళీ ప్రమాణం చేయమన్నాడు. రెండోసారి సారు ఎడమచెయ్యి చాపారు. అది చూసి పిల్లలందరూ ఎడమచేతులు చాపారు. హెడ్మాస్టరు కుడి అని అరిచారు. మూడోసారి ఎవరి చెయ్యి ఎటుందో ఆ పగడాలకే తెలియాలి.

అప్పుడు లేచాడు వలిగొండ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. "గదంత మంచిగనే ఉంది సారూ. మా మూసీ నీళ్ళల్ల నాటేసెటందుకు దిగితే కాళ్ళు దురదలు వెడుతున్నయ్. దానికేం జెయ్యాలె?"

"పెద్దాయనా, ఇవాళ టాపిక్ సముద్రం. నది వేరే డిపార్ట్‌మెంటు."

వేరే డిపార్ట్‌మెంటా? అనంతగిరి కొండల్లో తేటగా పుట్టిన నదిలోకి హైదరాబాద్ తన దొడ్లన్నీ కడిగి వదిలితే, వలిగొండ దగ్గరి భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) మీద ఆ నురగ తెట్టెలు తెట్టెలుగా లేచి పొలాల్లో పడుతుంటే, అది భూమి నుంచి వచ్చే కాలుష్యం కాదా? మరి ఎక్కడి నుంచి వస్తోంది, చంద్రుడి నుంచా? వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదీ, హంసలదీవి దగ్గర సముద్రానికి చేరేదీ ఈ నీళ్ళు కాదా? హంసలదీవిలో పగడాలు లేవు, నిజమే. పెద్ద నది తెచ్చే బురదా మంచినీళ్ళూ వాటికి పడవు. అందుకే వీళ్ళకు పగడాలంటే అంత ప్రేమ! మన దగ్గర లేనిదాన్ని కాపాడితే ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు. ఉన్న నదిని కాపాడాలంటే పేర్లు చెప్పాలి. సిగ్గుండాలి కదా నది వేరే డిపార్ట్‌మెంటు అనడానికి!

హవాయిలోని మావీ దీవిలో శుద్ధి చేసిన మురుగునీటిని బోర్లలోకి పంపేవాళ్ళు. అందులో రంగు కలిపి చూస్తే 84 రోజులకు తీరంలో, పగడాల పక్కన ఊటల్లో తేలింది. నేల కింది నుంచి తిప్పి పంపినా, నేరుగా సముద్రంలో వదిలినదానితో సమానమైతే పర్మిట్ తీసుకోవాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అక్కడ రంగు కలపడానికి శాస్త్రవేత్తలు కావాల్సి వచ్చింది. మాకా కష్టం లేదు. ఫ్యాక్టరీల పక్క ఊళ్ళల్లో బోరు వేస్తే రంగునీళ్ళే వస్తాయి, ఫ్రీగా.

పెద్దాయన మళ్ళీ ఏదో అనబోయాడు. భోజనాలు అని మైకులో చెప్పారు.

వెళ్ళేటప్పుడు అందరికీ "పగడాల మిత్ర" సర్టిఫికెట్లు ఇచ్చారు, మెరిసే అట్ట, మూలన చేప బొమ్మ. బస్టాండులో పెద్దాయన నా పక్కనే కూర్చున్నాడు. ధోవతి పిక్కల పైకి లాగి, సర్టిఫికెట్‌ను గొట్టంలా చుట్టి, దాని అంచుతో మోకాలి కింద బరబరా గోక్కున్నాడు. తెల్లటి పొట్టు రాలింది.

"అట్ట గట్టిగుంది" అన్నాడు.