షార్క్ చెడిపోకపోతే 'జాస్' ఇంత భయపెట్టేదా?

ఈమధ్య క్రూరమృగాల సినిమా ఏది చూసినా నాకు ఒళ్లు మండిపోతోంది. పది నిమిషాలు గడవకముందే ఆ జంతువును తల నుంచి తోక దాకా చూపించేస్తున్నారు. పళ్లు, చొంగ, ఒంటిమీది వెంట్రుకలు, అన్నీ. ఇక ఊహించుకోవడానికి మనకేం మిగిల్చారు?

1975లో వచ్చిన షార్క్ సినిమా 'జాస్' కూడా ఆ దారిలోనే పోవాల్సింది. షార్క్‌ను బాగా చూపించాలనే 25 అడుగుల యంత్రపు షార్కులు మూడు కట్టించారు. మంచినీళ్లలో బాగానే పనిచేసిన ఆ యంత్రాలు, అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గర సముద్రంలోకి దించగానే మొరాయించాయి. ఉప్పునీటికి లోపలి భాగాలు పాడయ్యాయి. ఒకటి ఏకంగా మునిగిపోయింది. 55 రోజుల షూటింగ్ 159 రోజులు సాగింది. దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు అప్పటికి 27 ఏళ్లే. ఎంత టెన్షన్ పడి ఉంటాడో!

చేతిలో షార్క్ లేదు, తీయాల్సింది షార్క్ సినిమా. అందుకే సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ కూర్చిన రెండు స్వరాలు, షార్క్‌కు గుచ్చి కట్టగా నీళ్లమీద పరుగెత్తే పసుపు పీపాలు దాని పని చేశాయి. గంట దాటినా అది మనకు సరిగ్గా కనిపించదు. అన్నిటికన్నా నాకు ఇష్టమైంది చెక్క వంతెన సీన్. రాత్రిపూట ఇద్దరు మాంసం ముక్క గుచ్చి గాలం వేస్తారు. షార్క్ లాగిన ఊపుకి వంతెన చివర విరిగి, ఒకడితో సహా కొట్టుకుపోతుంది. కాసేపటికి ఆ చెక్కల ముక్క నీళ్లలో మెల్లగా అతని వైపు వెనక్కి తిరుగుతుంది. అంతే! తేలుతున్న కొయ్యను చూసి మనం వణికిపోతాం.

అలాగని 'యంత్రం చెడిపోయింది కాబట్టే హిట్టయింది' అంటే నేను ఒప్పుకోను. ఎన్ని షూటింగుల్లో యంత్రాలు చెడిపోలేదు? అవన్నీ జాస్‌లు అయ్యాయా? చేతికందిన కాస్త ఫుటేజీలో ఏది ఎక్కడ ఆపాలో తెలిసిన ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్‌ను కూడా తలుచుకోవాలి. ఆమెకు ఆస్కార్ ఊరికే రాలేదు.

ఇంకో అదృష్టం ఆస్ట్రేలియాలో దొరికింది. రాన్, వాలెరీ టేలర్ దంపతులు అక్కడ నిజం షార్కులను చిత్రీకరించారు. షార్క్ మరీ పెద్దగా కనిపించాలని మనిషి నీళ్లలోకి దిగే బోనును చిన్నదిగా చేయించి, పొట్టి స్టంట్‌మన్‌ను పెట్టుకున్నారు. ఒక షార్క్ బోను తాళ్లలో చిక్కుకుని భయంకరంగా గింజుకుంది. అప్పుడు లోపల మనిషి లేడు. కథ ప్రకారం షార్కుల శాస్త్రవేత్త హూపర్ ఆ బోనులోనే చావాలి. కానీ అంత అద్భుతమైన షాట్ పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? బోను ఖాళీగా ఉంది కాబట్టి హూపర్ తప్పించుకుని సముద్రం అడుగున దాక్కున్నట్టు కథనే మార్చేశారు.

సినిమాకు మూలమైన నవలలో చివరికి పోలీసు అధికారి బ్రోడీ ఒక్కడే ఒడ్డు వైపు ఈదుతాడు. సినిమాలో హూపర్ నీళ్లలోంచి పైకి తేలగానే ఇద్దరూ నవ్వుకుంటారు. రెండు గంటలుగా బిగబట్టుకున్న ప్రేక్షకుడు కూడా అక్కడే వాళ్లతో కలిసి నవ్వగలుగుతాడు. హూపర్ చచ్చిపోయి ఉంటే, షార్క్‌ను చంపేశాక కూడా మనం బరువుగానే హాలు బయటికి వచ్చేవాళ్లం.