'చర్చి చెప్పని ఐదు అడ్వెంట్ నిజాలు': ఆ ఫార్వర్డ్‌కి జవాబు

నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే ఆ మెసేజ్ మళ్లీ గ్రూపులెక్కుతుంది. 'అడ్వెంట్ గురించి చర్చి మీకు చెప్పని ఐదు నిజాలు' అట. అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే ఎదురుచూపు కాలం. పంపేది మనవాళ్లే. "ఇది నిజమేనా?" అని అడిగినా బాగుండు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి వదిలేస్తారు. సరే, వరసగా చూద్దాం.

ఒకటో 'నిజం': అడ్వెంట్ డిసెంబరు 1న మొదలవుతుంది, 24 రోజులుంటుంది. అది రోజుకో గడి తెరిచి చాక్లెట్ తీసుకునే క్యాలెండర్ డబ్బా లెక్క. డబ్బా ఏటా ఒకేలా అచ్చేయాలంటే గళ్ల సంఖ్య మారకూడదు మరి. క్రైస్తవ సంఘానిది ఆదివారాల లెక్క. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం మొదటిది, అక్కణ్ణుంచి నాలుగు. అందుకే ఆరంభం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎక్కడైనా పడుతుంది. 2022లో 28 రోజులొచ్చాయి. 2023లో 22 మాత్రమే. నాలుగో ఆదివారం డిసెంబరు 24నే పడి, పొద్దున అడ్వెంట్ ఆరాధన, రాత్రికి క్రిస్మస్ ఆరాధన అయ్యాయి. ఇటలీలోని మిలాను చర్చి సంప్రదాయంలోనైతే ఇది ఆరు వారాలు.

రెండోది: అడ్వెంట్‌లో చర్చిలో వాడే ఊదారంగు అశుభం. కాదు. అది పశ్చాత్తాపపు రంగు. కొన్ని సంఘాలు నీలం వాడతాయి, కొన్ని మూడో ఆదివారం గులాబీకి మారతాయి. దీనికింతే చాలు.

మూడోది: పచ్చికొమ్మల మధ్య నాలుగు కొవ్వొత్తులు నిలిపి ఆదివారానికొకటి చొప్పున వెలిగించే వలయం పురాతన సూర్యారాధన నుంచి దొంగిలించింది. అంత పురాతనమా? 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాదిరి, తాను నడిపే పిల్లల ఆశ్రమంలో ఒక బండి చక్రం మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్లవి నిలబెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి పెట్టాడు. ఆ ఏడు అడ్వెంట్ సరిగ్గా డిసెంబరు 1నే మొదలైంది కాబట్టి మొత్తం 24. అయితే ఒక్క మాట ఒప్పుకుంటాను: వలయం బైబిల్లో లేదన్నది నిజమే. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని ఒక్కో కొవ్వొత్తికి పెట్టే పేర్లూ అపొస్తలుల నాటివేం కావు. వలయం తీసి అటక మీద పడేసినా అడ్వెంట్‌కి వీసమెత్తు లోటు రాదు.

నాలుగోది చూడండి. మూడో పాయింటులో అన్యాచారమన్న కొవ్వొత్తినే ఇక్కడ "రాత్రంతా వెలగనివ్వండి, ఆర్పితే ఆశీర్వాదం పోతుంది" అంటారు! రాసినవాడు తన పాయింట్లు తనే చదివినట్టు లేదు. ఈ మాట ఏ ఆరాధన క్రమంలోనూ లేదు. పోయేది ఆశీర్వాదం కాదు, కర్టెన్లు. కోసిన పచ్చికొమ్మలు ఇంట్లో రెండు మూడు వారాలకే ఎండిపోతాయి. అందులోనూ జిగురున్న కొమ్మలు భగ్గుమంటాయి. మొదటి వారం కొవ్వొత్తి నాలుగో వారానికి అందరికన్నా పొట్టిదై, మంట సరిగ్గా ఆ ఎండుకొమ్మల దగ్గరికే దిగుతుంది. ప్రార్థన సాగినంతసేపు, పది పదిహేను నిమిషాలు వెలిగించి ఆర్పేయండి. కింద లోహపు గిన్నె పెట్టండి. మంట కొమ్మలకి రెండంగుళాల దూరానికి రాకముందే కొవ్వొత్తి మార్చండి. బ్యాటరీ దీపం పెట్టినా దేవుడేం అనుకోడు.

ఇక ఐదోది. అసలు కోపం దీని మీదే. "యేసు ఎప్పుడో పుట్టాడు. ఈ నాలుగు వారాలూ పుట్టినరోజు ఏర్పాట్లే. రాకడ, తీర్పు వాక్యాలు చదివి పండగ మూడ్ పాడు చేయకండి." రాకడ అంటే యేసు తీర్పు తీర్చడానికి మళ్లీ రావడం.

ఏ ఆదివారం చర్చిలో ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే పాఠాల పట్టిక ఒక్కసారి తెరిస్తే ఈ వాక్యం రాసేవాడు కాదు. మూడేళ్ల చక్రంలో ఏ ఏడు తీసుకున్నా మొదటి ఆదివారం సువార్తలో యేసు పుట్టిన పశువుల తొట్టి కనబడదు, రాకడే కనబడుతుంది. ఒక ఏడు మత్తయి 24, జలప్రళయం నాటి నోవహు దినాలు. ఇంకో ఏడు మార్కు 13, యజమాని ఏ ఝామున వస్తాడో తెలియని ఇల్లు. మూడో ఏడు లూకా 21, సూర్యచంద్రుల్లో సూచనలు. తర్వాతి రెండు ఆదివారాలూ యేసుకు ముందు వచ్చి జనాన్ని పశ్చాత్తాపపడమన్న ప్రవక్త, బాప్తిస్మమిచ్చు యోహానువి. వచ్చినవాళ్లను "సర్పసంతానమా" అని పలకరించే మనిషిని పుట్టినరోజు పార్టీకి ఎవరు పిలుస్తారు? యేసు తల్లి మరియ, ఆమె భర్త యోసేపుల ప్రస్తావన నాలుగో ఆదివారానికి గానీ రాదు. రోమన్ కాథలిక్ ఆరాధన క్రమంలో డిసెంబరు 16 దాకా చూపు రెండవ రాకడ మీదే; 17 నుంచే యేసు పుట్టిన బేత్లెహేము వైపు మళ్లుతుంది.

ఇదేమీ ఈ మధ్య చేర్చింది కాదు. యెరూషలేము బిషప్ సిరిల్ 4వ శతాబ్దంలోనే బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు రెండు రాకడలనూ పక్కపక్కన పెట్టి బోధించాడు: ఒకటి పొత్తిగుడ్డల్లో, రెండోది మహిమతో. 6వ శతాబ్దపు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) సంఘాల్లో నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా సోమ, బుధ, శుక్రవారాలు ఉపవాసం. కేకుల కోసం కడుపు ఖాళీ చేసుకున్నారంటారా?

తీర్పు తీసేస్తే మిగిలేదేమిటి? ఆ ఏడాదే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు నాలుగు వారాలు బలవంతపు నవ్వు. అడ్వెంట్‌లో వాళ్లకూ ఒక మాట ఉంది: ఆకాశాలు చీల్చుకుని దిగిరమ్మని బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 64వ అధ్యాయం దేవుడికి పెట్టే మొర. అన్యాయమైపోయినవాడికి న్యాయాధిపతి వస్తున్నాడన్నది శుభవార్తే. అది విని మూడ్ పాడయ్యేది ఎవరికో మరియ తన పాటలోనే చెప్పింది, సింహాసనాల నుంచి కిందపడే బలవంతులకి.

ఆడంబరం తగ్గించడం కూడా ఇందుకే. రోమన్ క్రమంలో ఈ ఆదివారాల్లో, యేసు పుట్టిన రాత్రి దూతలు పాడిన మాటలతో మొదలయ్యే మహిమ గీతం పాడరు. క్రిస్మస్ రాత్రి దూతల పాట కొత్తగా వినపడాలంటే ముందు కాస్త మౌనం ఉండాలి. మొదటి వారం నుంచే క్రిస్మస్ పాటలన్నీ మోగించేస్తే 25 నాటికి గొంతులూ పోతాయి, ఆసక్తీ పోతుంది.

పండగ చేసుకోవద్దని ఎవరన్నారు? డిసెంబరు 25 నుంచి జనవరి 5 వరకు నిండా పన్నెండు రోజుల క్రిస్మస్ ఉంది. 26 పొద్దున్నే నక్షత్రం పీకేసి డబ్బాలో సర్దేది ఈ ఫార్వర్డ్ పంపినవాళ్లే.