జాతకం కలిసింది సరే, ఐ-94 చూశారా?

తిరుపతిలో పెళ్లి సంబంధం అంటే ముందు గోత్రం అడుగుతారు, తర్వాత జీతం, ఆ తర్వాత ఇల్లు సొంతమా అద్దెదా అని. అబ్బాయి అమెరికాలో ఉన్నాడంటే చివరి రెండూ గట్టిగా అడగడానికి మొహమాటపడతారు. ఈమధ్య బైరాగిపట్టెడలో మా బంధువుల ఇంట్లో జరిగిన పెళ్లి మాటలకు నేనూ వెళ్లాను. అమ్మాయి ఎంసీఏ చేసి చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి డాలస్ నుంచి వీడియో కాల్‌లో కనిపించాడు. జాతకాలు కలిశాయి, కాఫీలు అయ్యాయి. ముహూర్తాల దాకా వచ్చాక మా మేనమామ ఒక మాట అడిగాడు: "అబ్బాయి ఊరికొచ్చి ఎన్నేండ్లయింది?"

వాళ్లమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎనిమిదేండ్లు. తాత పోయినప్పుడు రాలేదు, తమ్ముడి పెళ్లికీ రాలేదు. "సెలవు దొరకలేదు నాయనా" అనింది. కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది: పెళ్లి ఆడనే చేసేద్దాం, అమ్మాయిని విజిటర్ వీసా మీద పంపండి.

వీసా మళ్లీ కొట్టించుకోవాల్సిన స్టాంపింగ్ భయంతో, హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా ఉండి కూడా ఊరికి రానివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ తాత కర్మంతరానికి రాక, తోడబుట్టినవాడి పెళ్లికీ రాక, తన పెళ్లికి కూడా రాలేనంటున్నాడంటే అది సెలవు సమస్య కాదు. వస్తే మళ్లీ పోలేడు. ఆ గదిలో ఉన్న పదిమందికీ అర్థమైంది, ఒక్కరూ పైకి అనలేదు. షుగరో ఫిట్సో ఉంటే దాచినట్టు ఇప్పుడు స్టేటస్, అంటే అక్కడ చట్టప్రకారం ఉండే హక్కు, పోయిన సంగతి దాస్తున్నారు. నా అభ్యంతరం ఆ దాపరికం మీదే, స్టేటస్ లేని మనిషి మీద కాదు.

స్టేటస్ పోవడం అనగానే మనకు 2025 ఫిబ్రవరిలో 104 మందిని సంకెళ్లతో తెచ్చి అమృత్‌సర్‌లో దించిన సైనిక విమానం గుర్తొస్తుంది. మన పిల్లల కథ చాలావరకు వేరు. వాళ్లు గోడ దూకలేదు, వీసా కొట్టించుకుని వాకిట్లోంచే పోయారు. చదువు, అది అయ్యాక పని చేసే అనుమతి (ఓపీటీ) ఒక ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సయితే ఇంకో రెండేళ్లు. ఈలోగా ఏటా 85 వేల హెచ్-1బీల లాటరీలో పేరు రావాలి. రాకపోతే పని చేసుకోవడానికి సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) ఇచ్చే ఇంకో కాలేజీ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే చాలామంది జారిపడ్డారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి బయటపడింది. దాన్ని పెట్టింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే, ఫీజులు కట్టించుకుందీ వాళ్లే, చేరినందుకు పట్టుకుందీ వాళ్లే. పట్టుబడినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. క్లాసులు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. కొందరికి తెలిసే ఉండొచ్చు. అయినా ఆ వలను ధర్మం అనడానికి నాకు నోరు రాదు.

ఇక మన ఊళ్లో అందరూ నమ్మే మాట ఒకటుంది: పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి. పిల్లవాడి తాగుడు దగ్గర్నుంచి పిల్ల మొండితనం దాకా మనం పెళ్లిని మందుగానే వాడాం కాబట్టి వీసాకూ అదే మందు అనుకుంటున్నాం. అమెరికా చట్టంలో ఆ మందు పనిచేసేది ఒకే ఒక్క రకం జంటకు. పెళ్లాడేది అమెరికా పౌరులనై ఉండాలి, స్టేటస్ లేని మనిషి మొదట్లో అధికారి ముందు నిలబడి చట్టప్రకారం లోపలికి వచ్చి ఉండాలి. అప్పుడు గడువు దాటి ఉండిపోయినా, అనుమతి లేకుండా పని చేసినా, దేశం విడిచి పోకుండానే గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను చేసుకుంటే ఆ మాఫీ లేదు. హెచ్-1బీ మనిషిని చేసుకుంటే అసలు ప్రస్తావనే లేదు. తెలుగువాళ్లం తెలుగువాళ్లనే, అందులోనూ కులంలోనే వెతుక్కుంటాం. ఆ వెతుకులాటలో పౌరసత్వం ఉన్నవాళ్లు ఎందరు తగులుతారో లెక్క వేసుకోండి.

దొరికినా నిశ్చింత లేదు. కుటుంబ పిటిషన్ ఆమోదం పొందినంత మాత్రాన స్టేటస్ రాదని, బహిష్కరణ నుంచి అది రక్షణ కాదని 2025 ఆగస్టులో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ మళ్లీ గట్టిగా చెప్పింది. అదే ఏడాది చివర్లో శాండియాగోలో గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకు భార్యతోనో భర్తతోనో కలిసి వెళ్లినవాళ్లను అక్కడికక్కడే పట్టుకున్నారు. డబ్బిచ్చి చేసుకునే కాంట్రాక్ట్ పెళ్లి సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను: ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఆ తర్వాత నిజంగా ప్రేమించి చేసుకున్నా పిటిషన్ ఆమోదించరు.

మనవాళ్లు పట్టించుకోని తేడా ఇంకొకటుంది, దాని మీదే జీవితాలు ఆధారపడి ఉన్నాయి. స్టేటస్ పోవడం వేరు, అక్రమ నివాసపు రోజులు లెక్కకు రావడం వేరు. 1996 నాటి చట్టం ప్రకారం ఆ లెక్కలో 180 రోజులు దాటి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. అయితే ఇన్నాళ్లూ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద పోయినవాళ్లకు, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం మీద తేదీకి బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నన్నాళ్లు) అని ఉంటూ వచ్చింది. వాళ్లకు స్టేటస్ పోయినా, అధికారో న్యాయమూర్తో తేల్చి చెప్పేదాకా ఆ రోజుల లెక్క మొదలుకాదు. అంటే పదేళ్ల నిషేధానికి జడిసి అక్కడే మగ్గుతున్నవాళ్లలో కొందరికి ఆ నిషేధమే ఉండకపోవచ్చు. జ్యోతిష్కుడికి ఇచ్చే దక్షిణతో పాటు ఒక మంచి ఇమిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజు ఇస్తే ఇది తేలుతుంది.

విజిటర్ వీసా ఉపాయం మాత్రం నాకు ససేమిరా నచ్చలేదు. అలా వెళ్లి పెళ్లి చేసుకోవడం నేరం కాదు. ఉండిపోవడానికే పోతూ, ఊరు చూసొస్తానని అధికారికి అబద్ధం చెప్పడం మాత్రం బతుకంతా వెంటాడే మచ్చ. స్టేటస్ లేనివాడు ఒకడుండే ఇంట్లో ఇద్దరవుతారు. ఉన్న ఉద్యోగం మానేసి పోయేది అమ్మాయి.

ఆడపిల్ల అనగానే పాత చిత్తూరు జిల్లా పడమటి వైపు చూడాలి. పీలేరు, మదనపల్లె పక్క పల్లెల నుంచి ఇంటిపనివాళ్లకిచ్చే ఖాదిమ్ వీసా మీద కువైట్ పోయినవాళ్లు ఎందరో. జీతం ఇవ్వక కొట్టే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లోంచి తప్పించుకుని పోయిన రోజే ఆమె అకామా, అంటే నివాస అనుమతి, ప్రమాదంలో పడుతుంది, కాగితాలు లేని ఖల్లివెల్లి అయిపోతుంది. అక్కడ పెళ్లికి ఏ మహిమా లేదు. కాగితాలు లేని ఇద్దరు ఒక్కటైతే బిడ్డ పుట్టాక జనన పత్రానికి కూడా తిప్పలే. 2018లో, 2020లో, మళ్లీ 2024 మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా కువైట్ క్షమాభిక్ష పెట్టినప్పుడు ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం పట్టుకుని వచ్చినవాళ్లలో ఇలాంటి ఆడవాళ్లూ ఉన్నారు. డాలస్‌లో స్టేటస్ పోయిన అబ్బాయిని "పాపం, లాటరీ తగల్లేదు" అంటాం. కువైట్‌లో అకామా పోయిన అమ్మాయి తిరిగొస్తే, "ఇన్నాళ్లు ఆడ ఏం చేస్తుండెనో" అంటాం. పోయింది ఇద్దరికీ ఒకే రకం కాగితం.

మన దేశం ఇంతకన్నా మెత్తగా ఉంటుందనుకునేవాళ్లు పౌరసత్వ చట్టం తీసి చూడవచ్చు. భారతీయుల్ని పెళ్లాడిన విదేశీయులు ఇక్కడ ఏడేళ్లు ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు, అక్రమ వలసదారు కాకపోతేనే. మనకు పొరుగునే, తమిళనాడు శిబిరాల్లో, స్థానికుల్ని పెళ్లాడి పిల్లల్ని కన్న శ్రీలంక శరణార్థులకు ఆ ఒక్క మాటే అడ్డం.

నారాయణవనంలో ఆకాశరాజు కూడా ఏ ఊరో ఏ వంశమో తెలియని వరుడికి పిల్లనిచ్చే ముందు బృహస్పతినీ శుకమహర్షినీ అడిగాడని మన స్థలపురాణం చెబుతుంది. ఆ వరుడు అప్పటికే కొండ మీద వరాహస్వామిని అడిగి చోటు తీసుకున్నాడు. ఆ చోటు ఇచ్చినందుకే నేటికీ తొలి దర్శనం వరాహస్వామిది. అడగడం అవమానం కాదని మనకు తెలియాల్సినంత తెలుసు. ముఖ్యమైన సంగతి దాచి చేసిన పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టుకు పోవచ్చు, మోసం తెలిసిన ఏడాదిలోపు. స్టేటస్ అలాంటి సంగతి అవునా కాదా అన్నది కోర్టులో తేలేలోపు అమ్మాయి వయసు ఐదేళ్లు పెరుగుతుంది.

ఆ రోజు మాటలు అక్కడితో ఆగాయి. రాత్రి అమ్మాయే అబ్బాయికి ఫోన్ చేసి సూటిగా అడిగిందట. అతను చాలాసేపు మాట్లాడలేదట, తర్వాత మొత్తం చెప్పాడట: మూడుసార్లు తగలని లాటరీ, మూతపడిన కాలేజీ, ఒక దుకాణంలో చేతికిచ్చే డబ్బుతో పని. నెలన్నర గడిచింది. అమ్మాయి ఇంకా అవుననలేదు, కాదనలేదు. లాయరు ఫీజు సగం ఆమే కట్టింది. అబ్బాయి పంపిన ఐ-94, పాత ఐ-20లు (కాలేజీ ప్రవేశ పత్రాలు), కాలేజీ రాసిన ఉత్తరాలు కలిపి పదకొండు కాగితాలు. మా మేనమామ వాటిని ప్రింటు తీయించి, జాతకాలున్న పసుపు కవరులోనే పెట్టాడు.