రౌండ్స్‌లో వినిపించే ‘స్టేబుల్’ గారికి

అయ్యా ‘స్టేబుల్’ గారూ,

డాక్టర్లు మంచం మంచం తిరిగే రౌండ్స్‌లో ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అని చెప్పే మాట మీరు. మీ పలుకుబడి సామాన్యమైంది కాదు. ఎన్‌ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఐసీయూలో, 700 గ్రాముల పసికందు దగ్గర అరగంట నిలబడ్డ బృందాన్ని మూల మంచం దగ్గర ఒక్క మాటతో దాటించేస్తారు. ఆ మంచంలోని పాప 25 వారాల గర్భానికే పుట్టింది, 24 వారాలుగా ఇక్కడే ఉంది. సవరించిన వయసు, అంటే నెలలు నిండి పుట్టాల్సిన రోజు నుంచి లెక్కిస్తే, 9 వారాలు. ఊపిరితిత్తులకు ఇంకా యంత్రం కావాలి గానీ, మనిషి మొహం కనిపిస్తే నవ్వడం వచ్చేసింది. చూడ్డానికి మీరు సీలింగు లైటు ఏర్పాటు చేశారు.

సరదాపడి కాళ్లాడిస్తే పాదానికున్న ప్రోబు (ఆక్సిజన్ కొలిచే సెన్సరు) కదిలి ఆక్సిజన్ అంకె పడిపోతుంది, అలారం మోగుతుంది. తెర మీద తరంగం సరిగ్గా ఉందా, ప్రోబు చూపే నాడి ఈసీజీ లెక్కతో కలుస్తోందా అని చూడకుండానే మీ శిష్యులు ఆక్సిజన్ పెంచి, పాపను గుడ్డలో బిగించేస్తారు. మీ పద్దులో ఆట అంటే అస్థిరత కదా!

ఏడిస్తే మత్తుమందు. నిజమే, ఈ పిల్లలు గట్టిగా ఏడిస్తే మెత్తబడ్డ శ్వాసనాళం ముడుచుకుపోయి నీలిబడటం ఉంది. అందుకే చెయ్యి మందు మీదికి పోతుంది. కానీ తడిసిందా, ఆకలా, కఫం అడ్డుపడిందా, ట్యూబు పక్కనుంచి గాలి పోతోందా? వారాల తరబడి ఇచ్చిన మార్ఫిన్‌ను గబగబా తగ్గించినందుకు వణుకు, చెమటలు, ఆవలింతలు, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయా? ఇవేవీ కాకపోతే ఎత్తుకుని చూడాలి. ఒళ్లో ఊరుకుందంటే జబ్బు పేరు తెలిసిపోయినట్టే. ల్యాబుకు ఏమీ పంపక్కర్లేదు.

నోటి సంగతి మరీ ఘోరం. ఇన్నాళ్లూ నోటి దగ్గరికొచ్చినవి టేపు, సక్షన్ గొట్టం, ట్యూబు. ఇప్పుడు పాలసీసా తెస్తే మొహం తిప్పుకుంటుంది, ఫైల్లో ‘సహకరించడం లేదు’ అని ఎక్కుతుంది. ట్యూబులో పాలు వెళ్తున్నప్పుడే ఒళ్లోకి తీసుకుని, తల్లిపాలలో తడిపిన ఉత్తి పీక చప్పరించనిస్తే నోటికీ కడుపు నిండటానికీ ఉన్న చుట్టరికం తెలిసేది. పాలు పోసే పని మీరు పంపుకు అప్పగించారు.

3 కిలోలప్పటి మందుల మోతాదులు 4.5 కిలోల దగ్గరా నడుస్తుంటాయి. బరువు పెరిగినా మూత్రం ఎక్కువగా పోవడానికిచ్చే మందు పెంచకుండా, మెల్లగా మానిపించడం ఒక పద్ధతే. మరిచిపోవడాన్ని ఆ పేరుతో పిలవకండి. టీకాలకేమో ‘ఇంకా చిన్నది’ అంటారు. వాటికి లెక్క పుట్టిన తేదీ నుంచి, సవరించిన వయసు నుంచి కాదు.

నిద్రకు వెల్లకిలా, మెలకువలో మనిషి పక్కనుండగా కాసేపు బోర్లా. లేకపోతే తల ఒకవైపు చదునవుతుంది. రాత్రి లైట్లు తగ్గించి, డైపరూ మందులూ ఒకే విడతలో ముగించండి. షిఫ్టుకో కొత్త మొహం కాకుండా, తిరిగి తిరిగి ఆ నలుగురైదుగురినే పంపండి.

ఇట్లు,
మూల మంచం తరఫున

తా.క.: ప్రోబును పాదం నుంచి చేతికి మారిస్తే ఆ చెయ్యి నోట్లోకి వెళ్లి మళ్లీ అలారం మోగుతుంది. ఆ నోటికి ఇష్టమై చేరిన మొదటి వస్తువు అది. గుడ్డ తీసుకురాకండి.