వేలిముద్రల మిషన్ గారికి ఒక నర్సమ్మ మనవరాలు రాయునది

మహారాజశ్రీ వేలిముద్రల మిషన్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇటువైపు కుశలం లేదు. మా మామ్మ పోయింది. ఈ కబురు తమరికి చెప్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆవిడ బతికున్నట్టు తమరు ఎప్పుడు ఒప్పుకున్నారు గనక!

2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' పేరుతో తమరి అవతారం జరిగింది. పెన్షనర్లు కాగితాలు పట్టుకుని తిరగక్కర్లేదు, వేలు పెడితే చాలు, బతికున్నట్టు లెక్క అన్నారు. మంచి మాటే. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దాకా తమరు వేంచేశాక, మామ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని దర్శనానికి బయల్దేరింది. తోడు నేను.

వేలు పెట్టింది. ఎర్ర లైటు. "గట్టిగా నొక్కు మామ్మా" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు. నొక్కింది. "మరీ అంత గట్టిగా కాదు." తడిగుడ్డతో తుడిచారు, కొబ్బరినూనె రాశారు, చీర కొంగుతో మళ్ళీ తుడిచారు. బొటనవేలితో మొదలుపెట్టి పది వేళ్ళూ అయ్యాయి. పదింటికీ తమరిది ఒకటే మాట, సరిపోలలేదని. లైన్లో వెనకాయన "కాలివేళ్ళు కూడా చూడరాదేటి" అని సలహా ఇచ్చాడు. ఆయన వేళాకోళానికి అన్నాడో, సీరియస్‌గానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ గీతలు ఎటు పోయాయో అప్పుడే చెప్పేదాన్ని. తమరు అడగలేదు.

34 ఏళ్ళ సర్వీసండీ. చేరినప్పుడు గాజు సిరంజీలు. కిరసనాయిలు స్టవ్ మీద స్టెరిలైజర్ డబ్బా పెట్టి, నీళ్ళు తెర్లడం మొదలయ్యాక వాచీ చూసుకుని ఇరవై నిమిషాలు. పంతొమ్మిదికి దింపిన కొత్త పిల్లని ఏడిపించి మరీ మళ్ళీ పెట్టించిందట. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాక చేతులకి ఐసు కూడా తోడయింది. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, ఐసు డబ్బా భుజాన తగిలించుకుని జీడితోటల్లో పడి ఊరూరా నడక. పురుడు పోసే ముందు మోచేతుల దాకా సబ్బు, పోసిన తర్వాత మళ్ళీ సబ్బు. తుఫాను వెలిస్తే బావులకి బ్లీచింగ్ పౌడరు. కలిపి గంట ఆగాకే నీళ్ళు తోడనిచ్చేది, బిందెలు పట్టుకుని ఎంత తిట్టినా సరే. ఇక డెట్టాలు, స్పిరిట్టు, లైసాల్ సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంటికి పెళ్ళివారొచ్చినా కాళ్ళకి నీళ్ళివ్వడం మర్చిపోయేది గానీ, చేతులు కడుక్కున్నారా అని అడగడం మర్చిపోయేది కాదు. ఒక సంబంధం అలాగే తప్పిపోయిందని అత్త ఇప్పటికీ గొణుగుతుంది.

తమరికి పనికిరాని ఆ వేళ్ళు ఇంట్లో మాకు బాగానే పనికొచ్చాయి. మామ్మ వీపు నిమిరితే కొబ్బరి పీచుతో రుద్దినట్టుండేది. వేసవి రాత్రుళ్ళు చెమటకాయలు పేలి నిద్రపట్టనప్పుడు అంతకంటే హాయి లేదు. వంతుల కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. కానీ జ్వరమొస్తే మాత్రం చెయ్యి పెట్టేది కాదు. అరచెయ్యి మొద్దుబారిపోయింది, వేడి తెలీదు. చెంప తెచ్చి నుదుటికి ఆనించేది. "వంద దాటింది" అనేది. తర్వాత థర్మామీటరు పెట్టినా అంతే ఉండేది. ఆనక చోడంబలి గ్లాసుతో వచ్చి పక్కన కూచునేది, తాగేదాకా లేచేది కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా కొబ్బరిచెట్లనీ జీడిచెట్లనీ పడుకోబెట్టిన సంగతి తమరికి గుర్తుండదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, కాబట్టి తమరూ లేరు. మామ్మ అప్పటికి రిటైరై చాలా ఏళ్ళు. పెంకులు తగిలినవాళ్ళు, రేకులు కోసుకున్నవాళ్ళు తిన్నగా మా అరుగు మీదికే వచ్చారు. ఉన్న గుడ్డ అయిపోతే తన పాత తెల్లచీరలు చింపి, మరగబెట్టి, ఆరబెట్టి కట్లు కట్టింది. అదే ఇరవై నిమిషాలు.

సరే, తమ కొలువుకే వద్దాం. మూడో ఏడు అనుకుంటా, పది వేళ్ళూ తిరస్కరించబడ్డాక మామ్మ కుర్రాడి కేసి చూసి "ఎవరి గుంటడివి నువ్వు?" అంది. పక్కూరి పేరు చెప్పాడు, అమ్మ పేరు చెప్పాడు. "చొక్కా చెయ్యి పైకి మడు." వాడు సిగ్గుపడుతూ ఎడమ భుజం చూపించాడు. బీసీజీ టీకా మచ్చ. మామ్మ కళ్ళజోడు సర్దుకుని దాన్ని బొటనవేలితో తడిమి, "బాగా పొక్కింది" అని తృప్తిపడింది. అంతటితో ఊరుకోలేదు. "ఇంతమంది వేళ్ళెడుతుంటే దీన్ని తుడవరేటి?" అంటూ సంచీలోంచి స్పిరిట్ సీసా, దూది తీసి తమ గాజుపలకని శుభ్రంగా తుడిచింది. వెనకాయన వేలు పెట్టీ పెట్టగానే పచ్చ లైటు! మామ్మది మాత్రం మళ్ళీ ఎరుపే. వైద్యం చేసినావిడ మీద ఆ మాత్రం విశ్వాసం చూపించాల్సింది తమరు.

ఆఖరికి ఏటా జరిగేదే అప్పుడూ జరిగింది. ఒక ఆఫీసరు గారు 'ఈమె నా ఎదుట జీవించి ఉన్నారు' అని కాగితం మీద సంతకం పెట్టారు. మామ్మ దాన్ని రెండుసార్లు చదువుకుని, "అయితే ఉన్నానే!" అని నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

మొన్న పదకొండో రోజు భోజనాలు వడ్డిస్తుంటే ఆవిడ ఫోను మోగింది. తమ తరఫున మెసేజ్. జీవన ప్రమాణ పత్రం ఇంకా అందలేదట, వెంటనే వచ్చి వేలిముద్ర వెయ్యాలట. నాన్న చదివి, విస్తళ్ళ మధ్య నిలబడిపోయి, "వీళ్ళకి ఇప్పుడొచ్చిందిరా అనుమానం, బతికుందేమోనని" అన్నాడు. అప్పటిదాకా ఏడవని అత్త నవ్వబోయి ఏడ్చేసింది.

ఇట్లు,
ఆవిడ మనవరాలు

తా.క.: మరణ ధ్రువపత్రం ఇవ్వడానికి సోమవారం వస్తున్నాను. మామ్మ సంచీలో స్పిరిట్ ఇంకా సగం సీసా ఉంది, దూది కూడా తెస్తాను. తమ గాజు మళ్ళీ మాసిపోయుంటుంది.